ఎలగందుల కోట, మానేరు తీరం

కరీంనగర్ నుంచి సిరిసిల్ల దారిలో సుమారు 10 కిలోమీటర్ల దూరాన, మానేరు నది పక్కనున్న కొండమీది పాత దుర్గం. సముద్రం లేని ఉత్తర తెలంగాణలో నీటి ఒడ్డున శిథిల కోట చూడాలనుకునేవారికి ఇంతకు మించిన చోటు లేదు. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు దీన్ని ఏలారు. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు తరలేదాకా ఎలగందుల ఊరి పేరే జిల్లాకు ఉండేది. ఆ తర్వాతే కోట వైభవం తగ్గింది.

కింద కందకం ఆనవాళ్లు, ఒకదాని వెనక ఒకటిగా దర్వాజాలు, పైన గుడి, మసీదు. మెట్లు అరిగి నునుపెక్కాయి. గోడల సందుల్లో మొలిచిన చెట్ల వేళ్లు రాళ్లను విడదీస్తున్నాయి. కోట బయట, జఫరుద్దౌలా 1754లో కట్టించిన దో మినార్ ఊగే మినార్లుగా పేరుపొందింది. కొండపై నుంచి దిగువ మానేరు జలాశయం కనిపిస్తుంది. 1985లో పూర్తయిన ఈ జలాశయం నిల్వ సామర్థ్యం సుమారు 24 టీఎంసీలు.

ఉత్తరాన ఇచ్చోడ వైపు నుంచి వచ్చేవారు నిర్మల్, జగిత్యాల మీదుగా కరీంనగర్ చేరవచ్చు. ఎండ ముదరకముందే ఎక్కాలి, నీళ్లు వెంట ఉంచుకోవాలి. గోడలమీద పేర్లు మాత్రం చెక్కకండి.