ప్రభుత్వము కట్టిన యూరు, పౌరులు నిలిపిన యూరు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పుదురు. ఒక్క గృహము కట్టుటయే అంత కష్టమైనపుడు, ఒక యూరిని మొదలంట కట్టి, ఒకరి మొగ మొకరెఱుగని వందల కుటుంబములను దెచ్చి యందు కాపురము పెట్టించుట యెంతటి కార్యమో మహాజనులు ఊహింపవచ్చును. అట్టి కార్యము అమెరికా సంయుక్త రాష్ట్రములందు 1937వ సంవత్సరమున జరిగినది. ఆ యూరి పేరు గ్రీన్‌బెల్ట్. అది రాజధాని యగు వాషింగ్టను నగరమునకు సుమారు 12 మైళ్ల దూరమున, మేరీలాండు రాష్ట్రమందు గలదు. ఆ పేరునకు పచ్చని వడ్డాణ మని యర్థము. ఊరిచుట్టును అడవియు పొలమును వడ్డాణమువలె నుండవలెనని పెట్టిన పేరది.

దీని పుట్టుక కారణము చెప్పెదను. 1929లో అమెరికా వర్తక ప్రపంచము కూలిపోయెను. 1933 నాటికి పనిచేయగల వారిలో నలుగురి కొకరు చొప్పున పనిలేక యుండిరి. నగరములందు పేదల గృహములు ఇరుకై, వెలుతురు లేక, రోగములకు నిలయములై యుండెను. ఆ కాలమున దేశాధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు కొలువులో రెక్స్‌ఫర్డ్ టగ్వెల్ అను అర్థశాస్త్ర పండితు డుండెను. పనిలేనివారికి పనియు, ఇల్లులేనివారికి ఇల్లును ఒక్క యత్నముచేతనే సమకూర్చవచ్చునని యాయన తలచెను. ఇంగ్లండు దేశీయుడగు ఎబినీజర్ హోవర్డు 1898లో ఉద్యాన నగరముల గూర్చి గ్రంథము వ్రాసి యుండెను. పల్లెలోని గాలియు పట్టణములోని సౌకర్యములును ఒక్కచోట గూర్పవలెనని దాని సారాంశము. ఆ మార్గమున మూడు పట్టణములు నిర్మితము లయ్యెను. తక్కిన రెండు ఒహాయో రాష్ట్రమున గ్రీన్‌హిల్సు, విస్కాన్సిన్ రాష్ట్రమున గ్రీన్‌డేలు.

1935లో, పొగాకు పండించి పండించి సారము చచ్చిన భూములందు పని ప్రారంభమయ్యెను. యంత్రములు చేయగల పనిని సైతము పలుచోట్ల మనుష్యులచేతనే చేయించిరి. ఏలయన కూలి దొరకుటయే ముఖ్యోద్దేశము. అచ్చటి 23 ఎకరముల చెఱువును పారలతో త్రవ్విరి. ఇండ్లు 885. వానిలో వరుస యిండ్లు 574, అంతస్తుల భవనములలోని వాటాలు 306, ప్రయోగార్థము కట్టిన విడి యిండ్లు 5. ఊరు నెలవంక యాకారమున నున్నది. ప్రతి యింటికిని ఒక వైపు బండ్లు వచ్చు బాట, రెండవ వైపు తోట. కాలిబాటలు తోటలగుండ సాగి, పెద్దబాట అడ్డు వచ్చినచోట దాని క్రింది నుండి పోవును. బిడ్డ యిల్లు వెడలి పాఠశాలకు పోవువఱకు మోటారు బండి యెదుట పడదు. పాఠశాలయు ఒక్క ప్రయోజనమునకే కట్టబడలేదు: పగలు బాలురకు బడి, రాత్రి పెద్దలకు సభామందిరము.

ఇంతవఱకు ప్రభుత్వపు పని. ఇందు గొప్పయు గలదు, కొఱతయు గలదు. వేలకొలది కుటుంబములు దరఖాస్తు పెట్టగా, మితమైన రాబడి గలవారిని పరీక్షించి యెన్నుకొనిరి. భార్య యుద్యోగము చేయరాదని నియమము. కుక్కలను పెంచరాదు. సాయంత్రము నాలుగు గంటలకు దండెములపై బట్టలు కనబడరాదు. ఇవి సహింపదగినవే. సహింపరానిది వేఱొకటి గలదు. ఈ యూరిని కట్టిన కూలీలలో నల్లజాతివారు ననేకులుండిరి; కాని వారిలో ఒక్క కుటుంబమున కైనను అందు ఇల్లు ఇయ్యలేదు. గోడ యెత్తిన చేతులకు గడప దాటు హక్కు లేకపోయెను. ఆ దోషమును కప్పిపుచ్చి ఈ యూరిని పొగడుట న్యాయము కాదు.

1937 అక్టోబరులో మొదటి కుటుంబములు ప్రవేశించెను. కొత్తవారు, పలు మతములవారు. అయినను వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. నవంబరులోనే ఒక వారపత్రికను స్థాపించిరి. జీతము లేని పౌరులే వార్తలు సేకరించి, నకళ్లు తీయు చిన్న యంత్రముమీద అచ్చొత్తి, ప్రతి గడపకును ఉచితముగా నిచ్చిరి. దాని తొలి పేరునకు సహకారి యని యర్థము. ఊరి యంగళ్లు, సినిమాశాల, క్షౌరశాల, పెట్రోలు బంకు మొదలగు వానిని నడుపుటకు ఎడ్వర్డు ఫైలీను అను వర్తకుని సంస్థ మూలధనము అప్పిచ్చెను. 1940లో ఆ వ్యాపారమును వాటాదారులైన పౌరుల సహకార సంఘము స్వాధీనము చేసికొనెను. పొదుపు సంఘము, శిశు పాఠశాల, తుదకు బాలుర మిఠాయి యంగడి సైతము సహకార పద్ధతినే నడచినవి. సభలు మితిమీఱి, ఇంటిపట్టున నుండు తీఱిక చిక్కక, కొన్నాళ్లు సభలకు సెలవు ప్రకటింపవలసి వచ్చెననిన, వారి యుత్సాహము తెలియుచున్నది.

1941లో యుద్ధపు ఏర్పాట్లలో భాగముగా మఱి 1000 యిండ్లను ప్రభుత్వము అచ్చట తొందరగా కట్టించెను. యుద్ధము ముగిసిన పిమ్మట అసలు పరీక్ష వచ్చినది. ప్రభుత్వము ఇండ్ల యజమానిగా నుండరాదని శాసనసభ తీర్మానించి, 1949లో ఈ పట్టణములను అమ్ముటకు చట్టము చేసెను. బయటి ధనికుడు కొనినచో ఊరు తునియలగును. అపుడు అద్దెదారులును, యుద్ధమునుండి తిరిగి వచ్చిన సైనికులును కలిసి ఒక గృహ సహకార సంఘముగా నేర్పడి, 1952 డిసెంబరులో సుమారు 1600 యిండ్లను సుమారు 63 లక్షల డాలర్లకు కొనిరి. ఎవరి యిల్లు వారు విడిగా కొనక, అందఱును కలిసి అన్నిటిని కొనిరి. సభ్యుడు తన యింటిలో నుండు హక్కును మాత్రము పొందును. గోడలు, తోటలు, కాలిబాటలు సంఘమువి. ఆ సంఘము నేటికిని నడచుచున్నది.

మఱియొక పరీక్ష 1965లో వచ్చినది. శాసనసభ్యుడును భూస్వామియు నగు ఒక గృహనిర్మాణ వ్యాపారి నుండి పాఠశాలకై భూమి కొనవలెనని పురపాలక సభ బేరమాడుచుండెను. ఆయన తన వేఱొక భూమిలో ఇండ్లు దట్టముగా కట్టుకొనుటకు అనుమతి కోరెను. బహిరంగ సభలో కొందఱు పౌరులు ఆ బేరము బెదిరించి రాబట్టుట వంటిదని కేకలు వేసిరి. వారపత్రిక ఆ మాటలను ఉన్నవి యున్నట్లు ప్రకటించెను. ఆయన పరువునష్టము దావా వేయగా, 17,500 డాలర్లు చెల్లింపవలెనని క్రింది న్యాయస్థానము తీర్పు చెప్పెను. జీతగాండ్రు లేని పత్రిక కది ప్రాణాంతకమైన భారము. అయినను పౌరులు వెనుదీయలేదు. 1970లో దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసి, ఊరి వ్యవహారము గూర్చి సభలో పలికిన ఘాటైన మాటను నిజముగా ప్రకటించిన పత్రికను శిక్షింపరాదని నిర్ణయించెను. ఒక చిన్న యూరి పత్రిక పడిన శ్రమ దేశములోని పత్రిక లన్నిటికిని రక్ష యయ్యెను.

కాలక్రమమున రాజబాటలు వచ్చి పచ్చని వడ్డాణమును పలుచోట్ల త్రెంచినవి. వెనుకటి నిషేధమును తొలగి, నేడు నల్లజాతివారు ఆ పట్టణమున గణనీయమైన భాగముగా నున్నారు. 2020 జనసంఖ్యలో ఊరివారు సుమారు 25,000. పాత సహకార సంఘము కిరాణా దుకాణమును విడువగా, 1984 నుండి పౌరులు దానిని తామే నడుపుకొనుచున్నారు. 1997లో ఆ ప్రాచీన భాగమును జాతీయ చారిత్రక స్థలముగా ప్రకటించిరి.

ఈ చరిత్ర నుండి గ్రహింపదగిన దొక్కటే. ప్రభుత్వము బాట వేయగలదు, ఇల్లు కట్టగలదు, చెఱువు త్రవ్వింపగలదు. ఆ చెఱువుగట్టు తెగిన రాత్రి పార పట్టుకొని పరుగెత్తు మనస్సును మాత్రము ఏ ప్రభుత్వమును ఇయ్యజాలదు. దానిని ఊరివారే పెంచుకొనవలెను. గ్రీన్‌బెల్ట్ వారు అంగడియందును, పత్రికయందును, గృహములయందును దానిని పెంచుకొనిరి కనుకనే, కట్టించిన ప్రభుత్వము తొలగిపోయినను ఊరు నిలిచినది. ఊరందఱి దని పలుకునపుడు, ఆ అందఱిలో ఎవరిని లెక్కించితిమి, ఎవరిని విడిచితిమి అని అడుగవలసిన బాధ్యతయు పెద్దలదే యని ఆ యూరి తొలి దినములు మనకు చెప్పుచున్నవి.