గుర్రానికి కూడా ఒక ఇంటర్‌ఫెరాన్

లాబులకి ప్రొటీన్లు అమ్మే క్యాటలాగుల్లో "గుర్రపు ఇంటర్‌ఫెరాన్ - పరిశోధనకు మాత్రమే" అని ఒక ఐటెం ఉంటుంది. మైక్రోగ్రాముల్లో అమ్ముతారు. గుర్రానికి విడిగా ఇదెందుకురా బాబూ అనుకుని తవ్వితే పెద్ద చరిత్రే బయటపడింది.

1957, లండన్ శివార్లలోని మిల్‌హిల్. ఎలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ అనే ఇద్దరు, కోడిపిండం పొరల మీద వేడితో చంపిన ఫ్లూ వైరస్ వేశారు. పొరల్లోంచి ఏదో పదార్థం బయటికొచ్చింది. ఆ ద్రవంలో కొత్త పొరలు పెడితే, వాటి మీద బతికున్న వైరస్ కూడా సరిగ్గా పెరగలేదు! వైరస్ పనిలో ఇంటర్‌ఫియర్ అవుతోంది కాబట్టి ఇంటర్‌ఫెరాన్ అన్నారు. గిట్టనివాళ్ళు "మిస్‌ఇంటర్‌ప్రెటాన్" అని వెక్కిరించారు.

వాళ్ళ అనుమానానికీ కారణముంది. దొరికేదే పిసరంత, అందులోనూ బోలెడు మలినాలు. పని చేస్తున్నది ఇంటర్‌ఫెరానో, పక్కనున్న చెత్తో ఎలా తేల్చడం? ఐజాక్స్ 1967లో, 45 ఏళ్ళకే పోయాడు. శుద్ధమైన ఇంటర్‌ఫెరాన్ ఆయన చూడనే లేదు. ఫిన్లాండ్‌లో కారి కాంటెల్ రక్తదాతల తెల్లకణాల నుంచి కాస్త ఎక్కువగా తీయగలిగాడు గానీ, అందులోనూ అసలు సరుకు ఒక శాతం లోపే.

1980లో కథ మారింది. జ్యూరిక్‌లో చార్లెస్ వైస్‌మన్ బృందం మనిషి ఇంటర్‌ఫెరాన్ జన్యువుని ఈ.కోలై బాక్టీరియాలో పెట్టి ప్రొటీన్ చేయించింది. దాన్నే రీకాంబినెంట్ అంటారు. 1986లో అమెరికాలో అది ఒక రకం బ్లడ్ కాన్సర్‌కి మందుగా ఆమోదం పొందింది. గుర్రపు జన్యువుల క్లోనింగ్ కూడా ఆ ఏడాదే ప్రచురితమైంది. తర్వాత మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ కూడా మనుషుల ఇంటర్‌ఫెరాన్ తయారుచేసింది.

ఇక గుర్రానికి విడిగా ఎందుకంటే... ఒక జంతువు ఇంటర్‌ఫెరాన్ మరో జంతువు కణాల మీద చాలాసార్లు సరిగ్గా పనిచెయ్యదు. ప్రోటోకాల్ ఒకటే, వెర్షన్లు వేరు అన్నమాట. గుర్రాల ఫ్లూ మీద పరిశోధన చెయ్యాలంటే గుర్రపు కణాలు, గుర్రపు ఇంటర్‌ఫెరానే నమ్మకం. అలాగని ఆ సీసా గుర్రానికి వైద్యం చెయ్యడానికి పనికిరాదు, అది మందు కాదు.

"నాట్ రిప్రొడ్యూసిబుల్" అని రాసి టికెట్ క్లోజ్ చేసెయ్యడం మనకి బాగా అలవాటు. ఐజాక్స్ టికెట్‌ని అలా మూసేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. మూయకుండా ఇరవయ్యేళ్ళకి పైగా పట్టుకు వేలాడిన కొద్దిమంది వల్లే ఇవాళ అది క్యాటలాగులో ఒక మామూలు ఐటెం అయింది.