పాలమూరు రాత్రి దారుల్లో హెడ్‌లైటు

ఎడ్లబండి ఇరుసు కింద వేలాడే లాంతరు బండి ఉందని ఎదుటివాళ్లకు తెలియడానికి. దారి సంగతి ఎద్దులు చూసుకునేవి. గద్వాల, వనపర్తి సంస్థానాల కాలంలో రాత్రి ప్రయాణానికి ఆ మాత్రం వెలుగు సరిపోయింది. మోటారు వచ్చాక దారిని గుర్తుపట్టి తప్పుకునే ప్రాణి బండి ముందు లేకుండా పోయింది. ఇక దీపమే ముందుగా వెళ్లి వెతకాలి.

తొలి మోటార్లకు కార్బైడ్ దీపాలుండేవి. కార్బైడ్ ముక్కల మీద నీటిచుక్కలు పడి పుట్టిన ఎసిటిలిన్ వాయువు మండితే, వెనకున్న అద్దం ఆ వెలుగును ముందుకు పంపేది. గాలివానకు బాగానే నిలిచేది కానీ ప్రతిసారీ దిగి ముట్టించాలి. 1912లో కాడిలాక్ కంపెనీ విద్యుత్ స్టార్టరుతో పాటు కరెంటు దీపాలను కూడా కారుకు బిగించి అమ్మింది. నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టే నాటికి కరెంటు హెడ్‌లైటు లోకమంతా మామూలైపోయింది.

వెలుగు పెరిగేసరికి ఎదురుగా వచ్చేవాడి కళ్లు బైర్లు కమ్మసాగాయి. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే మలుపు దీనికి దొరికిన జవాబే. 1920ల నడుమ ఓస్రామ్ కంపెనీ ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు పెట్టింది, ఒకటి దూరానికి, ఒకటి దగ్గరికి. ఇవాళ కొత్తకోట దగ్గర లారీ డ్రైవరు డిమ్ కొట్టేది ఆ ఆలోచన పుణ్యమే. 1957లో ఐరోపాలో డిమ్ లైటుకు వంకర అంచు వచ్చింది. మనలా ఎడమవైపు నడిచే దేశాల్లో వెలుగు ఎడమ అంచున కాస్త పైకి లేచి రోడ్డు పక్క నడిచేవాళ్లను చూపిస్తుంది, కుడివైపు ఎదుటి డ్రైవరు కంటికి తగలకుండా కిందే ఆగుతుంది. 1971లో హెచ్4 హాలోజెన్ బల్బు ఈ రెండు పనులనూ మరింత తెల్లటి వెలుగుతో చేసింది. దాని లెక్క 60/55 వాట్లు, మొదటిది దూరానికి, రెండోది దగ్గరికి.

మన స్కూటర్లు, మోటారు సైకిళ్లు చాలాకాలం 6 వోల్టులతోనే నడిచాయి. ఎన్నో బళ్లకు హెడ్‌లైటు కరెంటు నేరుగా ఇంజను నుంచే వచ్చేది. గేరు మార్చేటప్పుడు, గుంత దగ్గర నెమ్మదించినప్పుడు, అంటే దారి బాగా కనబడాల్సిన చోటే, లైటు ఎర్రగా కుంగిపోయేది. ఆ బాధ పడ్డవాళ్లే తర్వాత 100/90 వాట్ల బల్బులకు ఎగబడ్డారు. వాటి వేడికి హోల్డర్లు కరిగాయి, వెలుగును ముందుకు తిప్పే డూమ్‌లో పూత మాడింది, వెలుగు మళ్లీ మొదటికొచ్చింది. అసలు లోపం తీగల్లో ఉండేది. వాటిలో వోల్టేజి 10 శాతం పడిపోతే హాలోజెన్ వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. పాత జీపుకైనా వ్యానుకైనా రిలే పెట్టి, మందపాటి తీగ లాగి, ఎర్తు శుభ్రం చేస్తే అదే బల్బు కొత్తదానిలా వెలుగుతుంది. ఇది తెలిసిన ఎలక్ట్రిషియన్ బల్బు అమ్మడానికి ముందు వైరింగు చూస్తాడు.

ఏడో నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలై, ఆపై నలభై నాలుగుగా పేరు మారాక కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా వెళ్లేవాళ్లకు ఎదుటి లైట్ల బాధ చాలావరకు తీరింది. అలాంటి రోడ్ల నడుమ పెంచే గన్నేరు పొదలు అందానికే కావు, అవతలి వెలుగును ఆపడానికి కూడా. ఆ దారి వదిలి గద్వాల నుంచి అయిజకో, నాగర్‌కర్నూల్ నుంచి కొల్లాపూర్‌కో మళ్లితే మధ్యలో పొదలుండవు.

ఇప్పుడు ఆ దారుల్లో కళ్లు చెదరగొట్టేది ఎల్ఈడీ. 1991లో బీఎండబ్ల్యూ కార్లకు జినాన్, 2007లో లెక్సస్ డిమ్ లైటుకు ఎల్ఈడీ వచ్చాయి. వాటికి తగ్గ డూమ్‌లు, లెన్సులు వాటికే ఉన్నాయి. హాలోజెన్ కోసం చేసిన డూమ్‌లో ఎల్ఈడీ బల్బు దూరిస్తే ఫిలమెంటు ఉండాల్సిన చోట వెలుగు పుట్టదు, అన్నివైపులా చెల్లాచెదురవుతుంది. బండి ముందు రోడ్డు మెరుస్తుంది, దూరం మాత్రం చీకటిగానే మిగులుతుంది. ఎదుటి బైకు మీదున్న రైతుకు క్షణంపాటు ఏమీ కనబడదు. ఇది న్యాయం కాదు.

బల్బు కొనేముందు పచ్చబారిన లెన్సుకు పాలిష్ పట్టించాలి. తర్వాత చదును నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపి చూడాలి. డిమ్ అంచు హెడ్‌లైటు ఎత్తుకన్నా 10 సెంటీమీటర్లు కింద పడితే సరి. వెనక వేరుశనగ బస్తాలు వేస్తే ముందు భాగం లేస్తుంది, దాంతోపాటు లైటూ లేస్తుంది. లోడు బండ్లకు ఆ మేరకు దించాలి.

శ్రీశైలం దారిలో, మన్ననూరు దాటాక, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు నిషిద్ధం. లైటుకు జింక బెదిరి అక్కడే నిలబడిపోతుంది. అక్కడ ఎంత మంచి దీపమైనా పరిష్కారం కాదు.

మిగతా దారుల్లోనూ దీపానికి హద్దుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. డిమ్ లైటులో కనబడేది సుమారు 50, 60 మీటర్లు. బ్రేకు పట్టి ఆగేలోపే ఆ దూరం చెల్లిపోతుంది. వెనక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల చుట్టూ పేర్చిన రాళ్లు అంతకు ముందు కనబడవు. ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టరు టేపు అతికిస్తే, డిమ్ అంచు దాటి చెదిరిపడే కొద్దిపాటి వెలుగునే అది డ్రైవరు వైపు తిప్పి పంపుతుంది, ఆ ట్రాలీ ఎంతో ముందుగా కనబడుతుంది. పంట బండ్లు వరుస కట్టే నెలల్లో మార్కెట్ యార్డు గేటు దగ్గరే ఆ టేపు అతికించి పంపవచ్చు. లోపలికి వచ్చిన ప్రతి ట్రాలీ చీకటి పడ్డాక ఆ గేటు నుంచే బయటికి పోతుంది.