పది కోట్లకు చందమామ

2007లో ముంబయి సాఫ్ట్‌వేర్ కంపెనీ జియోడెసిక్ మద్రాసులోని ఒక పిల్లల పత్రికను కొన్నది. 94 శాతం వాటాకు ఇచ్చిన సొమ్ము సుమారు పది కోట్ల రూపాయలు. సెల్‌ఫోన్లలో కబుర్లు పంపుకునే మెసెంజర్ తయారుచేసి పేరు తెచ్చుకున్న కంపెనీ అది. దాని షేర్లు స్టాక్ మార్కెట్లో రోజూ చేతులు మారేవి. అది కొన్న పత్రిక చందమామ. అరవై ఏళ్ళ పేరు, డజను భాషలు, వేల కథలు, లెక్కలేనన్ని బొమ్మలు అన్నీ ఆ పది కోట్లలోకే వచ్చేశాయి.

కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై తాలూకా కల్లావిలో ఒక రిటైర్డ్ అయివారి ఇంటికి ఈ కబురు మేనల్లుడి నోట వచ్చింది. కుర్రాడిది హోసూరులో ఉద్యోగం.

“మామా, మన చందమామను ఎవురో బొంబాయి కంపెనీవాళ్ళు కొనేసినారంట.”

“కొంటే కొననీప్పా. పుస్తకం వస్తాదా, రాదా?”

“వస్తాది. ఆ కంపెనీ షేరు మార్కెట్లో ఉండాది మామా. నువ్వు గూడా కొనొచ్చు.”

“ఏమి, చందమామనా?”

“చందమామలో పాలు.”

అయివారు నవ్వినారు గానీ ఆ మాట మనసులోంచి పోలేదు. మామిడి తోట గుత్తకిచ్చిన డబ్బు ఆ ఏడు ఇంకా బ్యాంకులోనే ఉంది. వారం తిరక్కుండా మేనల్లుడు డీమ్యాట్ దరఖాస్తు తెచ్చి ముందు పెట్టాడు. పాన్ కార్డు జిరాక్సు, పాస్‌బుక్ మొదటి పేజీ, ఒక ఖాళీ చెక్కు. చెక్కు మీద రెండు గీతలు గీసి మధ్యలో ‘కేన్సిల్డ్’ అని రాయమంటే, మంచి చెక్కును ఎందుకు పాడుచేయాలని అయివారు కాసేపు వాదించారు. ఆ తర్వాత ఫారం మీద చాలాచోట్ల సంతకాలు పెట్టారు. చిన్న అక్షరాల్లో ఉన్నదేదీ చదవలేదు.

ఈ గాథలో నేను అల్లిన మనుషులు ఆ అయివారు, ఆయన మేనల్లుడు మాత్రమే. మిగతా పేర్లు, ఏళ్ళు, డబ్బులు అన్నీ జరిగినవే. అయితే అయివారు కూడా గాలిలోంచి ఊడిపడలేదు. హోసూరు, కృష్ణగిరి పక్క ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలకు కొదవ లేదు. బడిలో చదివింది తమిళమైతే తెలుగు అక్షరం నిలిచింది పుస్తకం వల్లనే. 2006లో తమిళనాడు ప్రభుత్వం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాక ఆ బెంగ ఇంకా పెరిగింది. ఇలాంటి ఇంట్లో చందమామ షేరు అంటే పెట్టుబడి ఒక్కటే కాదు, కొంత కృతజ్ఞత కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

వెనక్కి వెళ్ళి అసలు కొన్నదేమిటో చూద్దాం.

1947 జులై. స్వాతంత్ర్యానికి ఇంకా నెల పైన ఉంది. కడప జిల్లా పొట్టిపాడు నుంచి మద్రాసు చేరిన బి. నాగిరెడ్డి, తెనాలి నుంచి వచ్చిన చక్రపాణి కలిసి తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ మొదలుపెట్టారు. నాగిరెడ్డికి అచ్చు యంత్రం తెలుసు, చక్రపాణికి కథ తెలుసు. ఇద్దరికీ వ్యాపారం కూడా తెలుసు కాబట్టే మిగతా భాషల చందమామలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ తీసిన విజయా వారూ వీరే.

పత్రిక మీద సంపాదకుడిగా చక్రపాణి పేరుండేది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ కుర్చీలో పని చేసింది కొడవటిగంటి కుటుంబరావు. ఎవరు పంపిన కథైనా ఆయన చేతి కిందికి వచ్చాక చందమామ కథ అయ్యేది. వాక్యం చిన్నదయ్యేది, పెద్ద మాటలు ఎగిరిపోయేవి, నీతిని వేరే చెప్పనక్కర్లేకుండా కథే చెప్పేది. ఆ తెలుగు ప్రతిని ముందు పెట్టుకుని మిగతా భాషలవాళ్ళు తమ ప్రతులు తయారుచేసుకునేవారు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు రాశారు. ఎం.టి.వి. ఆచార్య, చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్ బొమ్మలు వేశారు. కత్తి పట్టుకుని శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి మన కళ్ళకు కట్టింది శంకరే. వీళ్ళంతా పనిచేసి, గట్టి పేరొకటి సంస్థకు కట్టి ఇచ్చారు.

షేరు కొనేవాడు ఇక్కడొకసారి ఆగాలి. బేతాళుడు ఎవరి ఆస్తి? ఎవరిదీ కాదు. బేతాళ కథలు సంస్కృతంలో సోమదేవుడి ‘కథాసరిత్సాగరం’ నాటికే ఉన్నాయి. 1985లో రామానంద్ సాగర్ దూరదర్శన్‌కు ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ తీయడానికి చందమామవాళ్ళ అనుమతి అక్కర్లేకపోయింది. చందమామవాళ్ళకు ఉన్నది తమ పేరు, తాము అల్లిన కొత్త కథలు, తాము వేయించిన బొమ్మలు. వీటికీ గడువుంది. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళు, పేరు లేకుండా అచ్చయిన రచనకు అచ్చయిన నాటి నుంచి 60 ఏళ్ళు. పాత సంచికల్లో సంతకం లేని కథలెన్నో ఉన్నాయి. అంటే 2007లో పది కోట్లు పోసి కొన్న గుట్టలో ఏటా ఒక పొర ఊరందరి సొత్తవుతూ పోతుంది. ట్రేడ్‌మార్కుకు ఆ బెడద లేదు, పదేళ్ళకొకసారి రుసుము కట్టి నిలుపుకోవచ్చు. కానీ ఐదేళ్ళు పైబడి వాడకుండా మూలన పెడితే, దాన్ని రిజిస్టరు నుంచి తీసేయమని అడిగే దారి చట్టంలో ఉంది. పాత పేరు విలువ వాడుకలోనే ఉంటుంది.

అమ్మకం దాకా ఎందుకొచ్చిందో క్లుప్తంగా చెప్పుకుందాం. 1998లో కార్మిక వివాదంతో పత్రిక ఏడాది పైచిలుకు ఆగింది. 1999 చివర్లో మళ్ళీ వచ్చింది. నాగిరెడ్డి కుమారుడు విశ్వనాథరెడ్డి పక్కన మోర్గాన్ స్టాన్లీలో పనిచేసిన వినోద్ సేథీ లాంటి మదుపరులు చేరి కంపెనీని నిలబెట్టారు. ఇంటింటికీ టీవీ వచ్చిన ఆ కాలంలో పాత సర్క్యులేషన్ మాత్రం తిరిగి రాలేదు. డిస్నీ కన్ను కూడా దీని మీద పడిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. చివరికి కొన్నది జియోడెసిక్.

అదే 2007 నవంబరులో విజయా వారి ఇంకో నిధి ఇంకో టెక్నాలజీ కంపెనీ చేతికి వెళ్ళింది. హైదరాబాదు గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ‘మాయాబజార్’తో సహా డజనుకు పైగా పాత సినిమాల నెగెటివ్ హక్కులు కొన్నది. 1957 నాటి నలుపు తెలుపు బొమ్మకు రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. జనం ఆదరించారు. అయినా మిగతా సినిమాల జోలికి కంపెనీ వెళ్ళలేదు. చాలామంది నిర్మాతలు నెగెటివ్ హక్కులను ఎప్పుడో టీవీ చానళ్ళకు ఇచ్చేసుకున్నారు, ఎవరేం చేయబోయినా హక్కుల పేచీ లేస్తోంది అన్నది దాని వాదన. ఒకే పెరటి నుంచి ఒకే ఏడాదిలో రెండు పాత పేర్లు రెండు కంప్యూటర్ కంపెనీలకు వెళ్ళాయి. ఒకదాని చేతిలో ఆస్తి ఉంది గానీ పత్రాలు తేలలేదు. రెండోదైన జియోడెసిక్ కథ ఇంకా చేదు.

2008లో ముంబయిలో చందమామ అరవై ఏళ్ళ పండగ జరిగింది. ప్రత్యేక సంపుటిని అమితాబ్ బచ్చన్ ఆవిష్కరించారు. పేపర్లో ఆ ఫొటో చూసిన కల్లావి అయివారు దాన్ని కత్తిరించి డీమ్యాట్ కాగితాల కవర్లో దాచుకున్నారు.

ఆయన దాచుకోని వార్త ఒకటుంది. అదే ఏడాది జనవరిలో జియోడెసిక్ విదేశాల్లో 12.5 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి డబ్బు తెచ్చింది. అవి షేర్లుగా మారే బాండ్లు. ఏటేటా వడ్డీ లేదు. ఐదేళ్ళలో కంపెనీ షేరు ధర అనుకున్న గీత దాటితే అప్పిచ్చినవాళ్ళు షేర్లు తీసుకుని సంతోషంగా పోతారు, దాటకపోతే అసలూ ప్రీమియమూ కలిపి ఒక్కసారిగా కట్టాలి. ఆ జనవరిలో డాలరు 39 రూపాయల పైన ఉంది. అంటే అప్పు దాదాపు 490 కోట్లు. ఆ ఏడాది చివరకల్లా ప్రపంచ మార్కెట్లన్నీ కూలాయి. గడువు 2013 జనవరికి వచ్చింది. కట్టాల్సింది 16 కోట్ల డాలర్ల పైమాట, డాలరేమో 54 దాటింది. రూపాయల్లో 870 కోట్ల చుట్టూ.

కంపెనీ కట్టలేకపోయింది.

పూత చూసి తోటను గుత్తకు పట్టే కృష్ణగిరి వ్యాపారి కూడా తోట మీద తాకట్టు ఉందా అని ఒక మాట అడుగుతాడు. మన అయివారు ఆ మాట అడగలేదు. ఆయన కొన్నది చందమామ షేరు కాదు, జియోడెసిక్ షేరు. చందమామ ఆ కంపెనీకి ఉన్న ఒక అనుబంధ సంస్థ మాత్రమే. పది కోట్ల అనుబంధ సంస్థను చూసి మురిసిపోయిన వాటాదారుడి నెత్తిన వందల కోట్ల అప్పు వేలాడుతోంది. వార్షిక నివేదికలో ఇదంతా అచ్చయి ఉండేదే. ఆయన మాత్రం తిప్పి చూసి బొమ్మలు లేవని పక్కన పెట్టారు.

చందమామకు ఆ 2013 వచ్చేసరికే ఊపిరాగింది. ఆఖరి సంచిక అని చెప్పి వీడ్కోలు పలికిన సంచిక లేదు. చందా కట్టినవాళ్ళు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. 2014లో బొంబాయి హైకోర్టు జియోడెసిక్‌ను మూసివేయమని ఉత్తర్వు ఇచ్చి ఆస్తులను అధికారిక లిక్విడేటరుకు అప్పగించింది. 2016 కల్లా చందమామ వెబ్‌సైటు పేరు కూడా గడువు తీరి పోయింది. తర్వాత జియోడెసిక్ డైరెక్టర్లు ముగ్గురిని మనీ లాండరింగ్ ఆరోపణల మీద ఈడీ అరెస్టు చేసింది. 2019 మొదట్లో చందమామ మేధో హక్కుల అమ్మకం మాట కోర్టు ముందుకొచ్చింది. పిల్లల పత్రిక పేరు కోర్టు కాగితాల్లో జప్తు ఆస్తుల పక్కన చేరింది.

“మామా, ఇంక వచ్చినకాడికి అమ్మేద్దామా?” అన్నాడు మేనల్లుడు.

“కొనేవాడు ఉండాలి గదప్పా. సరే, కంపెనీ మూసేసినాక మనకేమొస్తాది?”

కుర్రాడు కంప్యూటర్‌లో చదివి వరస చెప్పాడు. కార్మికుల బకాయిలు, తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్ళు ముందు. తర్వాత ప్రభుత్వ బకాయిలు. ఆ తర్వాత హామీ లేని అప్పులవాళ్ళు. అందరికీ పోగా మిగిలితే వాటాదారులు.

“మిగులుతాదా?”

“లేదు మామా.”

జియోడెసిక్ మునిగింది చందమామ వల్ల కాదు, చందమామ మునిగింది జియోడెసిక్ వల్ల. పాత పేర్లలో డబ్బు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గ్రామఫోన్ కంపెనీగా పుట్టి 2000లో పేరు మార్చుకున్న సరిగమ, 2017లో ఐదు వేల పాత పాటలు నింపిన ‘కారవాన్’ రేడియో పెట్టె పెద్దవాళ్ళకు తెచ్చింది. దానికి తెలుగు పెట్టె కూడా వచ్చింది. అది బాగా అమ్ముడైంది. అమెరికాలో ఐకానిక్స్ కంపెనీ, చిత్రకారుడు షుల్జ్ కుటుంబం కలిసి స్నూపీ కుక్కపిల్ల ‘పీనట్స్’ హక్కులను 2010లో 17.5 కోట్ల డాలర్లకు కొన్నాయి. అందులో 80 శాతం ఐకానిక్స్‌ది, మిగతా 20 శాతం ఆ కుటుంబానిది. 2017లో ఐకానిక్స్ తన వాటాను స్ట్రాబెర్రీ షార్ట్‌కేక్‌తో కలిపి 34.5 కోట్ల డాలర్లకు అమ్మింది. అమ్మడానికి కారణం దాని నెత్తిన ఉన్న అప్పులే. అయినా పేరును రోజూ పనిలో పెట్టి ఉంచింది కాబట్టి కొనేవాడు దొరికాడు. సృష్టించిన ఇంటివాళ్ళకు బల్ల దగ్గర ఒక కుర్చీ దొరకడం కూడా చిన్న విషయం కాదు. మన శంకర్‌కు, కుటుంబరావుకు అలాంటి కుర్చీ ఎవరూ వేయలేదు. శంకర్ 2020 సెప్టెంబరు 29న చెన్నైలో పోయారు. మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు.

పాత చందమామలను స్కాన్ చేసి ఒకరికొకరు పంచుకుని కాపాడినవాళ్ళు అభిమానులు. వాళ్ళలో ఒక్కరి దగ్గరా హక్కు పత్రం లేదు.

మీకు నచ్చిన పాత పాటల కంపెనీదో, పాత బొమ్మల కంపెనీదో షేరు రేపు మార్కెట్లోకి రావచ్చు. కొనండి, తప్పేమీ లేదు. ముందు వార్షిక నివేదిక తెప్పించుకుని, ఆ పేరు ఏ కంపెనీ పుస్తకాల్లో ఉందో, హక్కుల మీద దావాలేమున్నాయో చూడండి. చదవడం మాత్రం అప్పుల పేజీతో మొదలుపెట్టండి.