ఏం పని చేశావు, ఎక్కడ పుట్టావు?

ఊపిరితిత్తుల చుట్టూ రెండు పల్చటి పొరలుంటాయి. వాటి నడుమ నీరు చేరితే మన దగ్గర ముందుగా అనేది టీబీ అనే. చాలాసార్లు అది నిజమే. నిజం కానప్పుడు ఏం జరిగిందో చెప్పే చరిత్ర ఒకటుంది.

దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో ఒక టీబీ ఆసుపత్రి. 1950లలో అక్కడి డాక్టర్ స్లెగ్స్ ఒక సంగతి గమనించాడు. తూర్పు నుంచి వచ్చే రోగులకి టీబీ మందులు పనిచేస్తున్నాయి, పడమటి నుంచి వచ్చినోళ్లకి పనిచెయ్యడం లేదు. పడమట ఉన్నవి నీలి రాతినార, అంటే ఆస్బెస్టాస్, గనులు. 1956లో జోహానెస్‌బర్గ్‌లో వాగ్నర్ ఒక నల్లజాతి గని కార్మికుడి శవాన్ని కోసి చూశాడు. టీబీ అనుకున్నది ఆ పొరకే పుట్టిన క్యాన్సర్, మెసోథీలియోమా. 1960లో వీళ్లిద్దరూ మార్చండ్‌తో కలిసి 33 కేసులు ప్రచురించారు. ఒక్కరికి తప్ప అందరికీ ఆ నారతో సంబంధం కనిపించింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ 33 మందిలో అందరూ గని కూలీలు కారు. కొందరు ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లే, చిన్నప్పుడు గని దిబ్బల మీద ఆడుకున్నవాళ్లే. రాయిని సుత్తెతో కొట్టి నార వేరుచేసే పని ఎక్కువగా ఆడోళ్లది, పిల్లలది. ఇంటాయన లెక్కలో కలిసిపోయిన ఆ చేతులకి కంపెనీ పుస్తకంలో పేరు లేదు. జబ్బేమో ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకి గానీ బయటపడదు. అప్పటికి గని మూతబడి ఉంటుంది. ఫలానా చోట పనిచేశానని ఆమె దేంతో రుజువు చెయ్యాలి?

జబ్బు మూలం తెలిశాక కూడా తవ్వకం దశాబ్దాలు సాగింది. బాధితుల దావా ఇంగ్లండులోనే వినొచ్చని అక్కడి ప్రభువుల సభ చెప్పేసరికి 2000 వచ్చింది.

ఇది మనకి దూరపు కథ కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రాతినార తవ్వారు. జార్ఖండ్‌లో చాయిబాసా దగ్గర రోరో కొండల గని 1983లో మూతబడింది. దిబ్బలు మాత్రం హో ఆదివాసుల ఊళ్ల పైనే మిగిలాయి. తెల్లదైనా నీలిదైనా క్యాన్సర్ కారకమే. 1995లో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డు కనీసం 40 ఏళ్లు దాచాలని ఆదేశించింది. మంచి తీర్పే. కానీ రికార్డుండేది రిజిస్టరుకెక్కిన కార్మికుడికి. కాంట్రాక్టరు తోలుకొచ్చి సిమెంటు రేకులు కోయించిన కూలికి, ఆ దుమ్ముబట్టలు ఉతికిన ఆయన భార్యకి ఏ రికార్డుంది? ఆసుపత్రి చీటీలో వృత్తి అనే గడిలో వాళ్లకి ఒకటే మాట రాస్తారు: కూలి.