తీగచుట్టలో మెఱుపు : పల్సు చార్జరు పూర్వకథ

కరెంటు రాని పల్లెలలో రేడియో మ్రోగిన దినములను ఎఱిగిన పెద్దలు నేటికిని మన యిండ్లలో ఉన్నారు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన నాటికి తెలుగునాట పెక్కు గ్రామములలో విద్యుద్దీపమే లేదు. అట్టి చోట్ల రేడియోపెట్టె ప్రక్కన ఒక బ్యాటరీ ఉండవలసినదే. పాటకచ్చేరి నడుమ స్వరము సన్నగిల్లినచో బ్యాటరీ దిగినదని గ్రహించి, దానిని సైకిలు వెనుకనో ఎడ్లబండి మీదనో పెట్టుకొని పట్టణమునకు పోయి, చార్జింగు దుకాణములో అప్పగించి, మఱునాడో ఆ మఱునాడో తిరిగి తెచ్చుకొనెడివారు. ఆ ఎదురుచూపులలోనే, 'ఈ పని మనమే ఇంట చేసికొనలేమా' అను కోరిక ఎందఱికో పుట్టి యుండును.

ఆ కోరిక నేటికిని చావలేదు. సరదాకు సర్క్యూటులు కట్టువారు ఇప్పుడు 'పల్సు చార్జరు' అను ఒక చిన్న సాధనమును ఇంటిలోనే తయారుచేయుచున్నారు. ఒక బ్యాటరీ, ఒక తీగచుట్ట, ఒక ట్రాన్సిస్టరు, ఒక రెసిస్టరు, రెండు డయోడులు ఉన్నచో చాలును. మొదటి బ్యాటరీ శక్తి చిన్నచిన్న విదిలింపులుగా రెండవ బ్యాటరీకి చేరును. ఈ విదిలింపులకే పల్సులని పేరు. వీరిలో కొందఱు మఱియొక ఆశను కూడ పెట్టుకొందురు: ఈ సర్క్యూటు తాను తీసికొన్న దానికంటె ఎక్కువ ఇచ్చునేమో యని. ఈ ఆశ ఎంతవఱకు న్యాయమైనది? సమాధానమును చరిత్రలో వెదకుట మంచిది. ఏలయన, ఇదే ఆశను ఇంతకు ముందొక మహాశాస్త్రజ్ఞుడు పెట్టుకొనెను. దానిని తానే కొలిచి చూచుకొనెను.

కథ తీగచుట్టతో ప్రారంభమగును. 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే విద్యుత్ప్రేరణను కనుగొనెను. ఆ మఱుసటి యేట అమెరికాలో జోసెఫ్ హెన్రీ ఒక చిత్రమును లోకమునకు తెలిపెను. పొడవైన తీగచుట్ట గుండ ప్రవహించుచున్న విద్యుత్తును హఠాత్తుగా తెంచినచో, తెంచిన చోట పెద్ద నిప్పురవ్వ లేచును. తీగను కలిపినపుడు లేని రవ్వ తెంచినపుడు ఏల వచ్చినది? ప్రవాహము నడచుచున్నంతసేపు చుట్ట చుట్టును అయస్కాంత క్షేత్రము నిలిచి యుండును. ప్రవాహము ఆగగనే ఆ క్షేత్రము కూలును. కూలుచు, తనలోని శక్తినంతయు అధికమైన వోల్టేజిగా తీగలోనికే తిరిగి త్రోయును. పరుగెత్తుచున్న బండి హఠాత్తుగా ఆగినపుడు లోనివారు ముందునకు తూలినట్లే ఇదియును. నేటి పల్సు చార్జరుకు ప్రాణమైనది ఈ రవ్వయే.

1836లో ఐర్లండులోని మేనూత్ కళాశాలలో ఆచార్యుడైన నికొలస్ కాలన్ అను మతాచార్యుడు ఈ సూత్రముతో ప్రేరణచుట్టను నిర్మించెను. తరువాత పారిస్ నగరములో స్థిరపడిన జర్మను పనివాడు రూమ్‌కార్ఫ్ 1851 ప్రాంతమున దానికి మెఱుగులు దిద్ది ప్రసిద్ధి పొందెను. ఆ పనికి 1864లో మూడవ నెపోలియన్ చక్రవర్తి ఏర్పఱచిన 50,000 ఫ్రాంకుల బహుమానము అతనికి లభించినది. చుట్టలోని ప్రవాహమును మాటిమాటికి తెంచుటకు ఒక కంపించు రేకు ఉండెడిది. రవ్వల తాకిడికి ఆ రేకు మొనలు కాలిపోవుచుండగా, 1853లో ఫిజో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ మొనలకు అడ్డముగా ఒక కండెన్సరును కలుపవలెనని సూచించెను. తెంచిన చోట పుట్టిన వేగమును తాళుకొనుటకు ఒక దారి చూపవలెనను ఈ మాటను గుర్తుంచుకొందము. దీనితో మనకు ముందు పని యున్నది.

ఇక ఆశను కొలిచిన వాని కథ. అతడు జేమ్స్ జూల్. ఇంగ్లండులో సాల్ఫర్డు పట్టణమునందలి ఒక బీరు బట్టీ యజమాని కుమారుడు. ఇరువదియేండ్ల ప్రాయమున అతడు విద్యుదయస్కాంతములతో మోటారులు నిర్మించి, త్వరలోనే ఇవి ఆవిరియంత్రమును తొలగించి దాని స్థానమును ఆక్రమించునని గట్టిగా నమ్మెను. కాని నమ్మి ఊరకుండలేదు; తూచి చూచెను. బ్యాటరీలో ఒక పౌను జింకు కరగినపుడు ఎంత పని జరుగునో లెక్కించెను. 1841లో తేలిన ఫలితము అతని కలను చెఱిపివేసినది. మంచి ఆవిరియంత్రములో ఒక పౌను బొగ్గు చేయు పనిలో దాదాపు ఐదవ వంతు మాత్రమే ఆ జింకు చేయగలిగినది. ధరలో జింకు బొగ్గుకంటె ఎంతో ప్రియము. జూల్ తన ఓటమిని దాచుకొనలేదు, అచ్చువేయించెను. ఆ కొలతల మార్గముననే నడచి అతడు వేడిమికిని పనికిని గల నిష్పత్తిని నిర్ణయించెను. శక్తి రూపము మారునే గాని ఊరక పుట్టదు, నశింపదు అను శక్తినిత్యత్వ నియమము స్థిరపడుటకు ఆ కొలతలు పునాదులైనవి. ఆశ భంగమైన చోటనే శాస్త్రము మొలకెత్తినది.

ఇప్పుడు బ్యాటరీ కథకు వత్తము. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల నడుమ బట్టను పెట్టి, చాపవలె చుట్టి, నీరు కలిపిన గంధకికామ్లములో ముంచెను. తిరిగి తిరిగి చార్జి చేయదగిన సీసపు బ్యాటరీ ఆ విధముగా పుట్టినది. ఆనాడు ఇండ్లకు కరెంటు లేదు, డైనమోలు వాడుకలోనికి రాలేదు. మఱి ప్లాంటే తన బ్యాటరీని దేనితో చార్జి చేసెను? జింకును కరగించుకొను బున్‌సెన్ ఘటములతో. అనగా ఒక బ్యాటరీతో మఱియొక బ్యాటరీని నింపెను. మన యింటి పల్సు చార్జరు చేయు పనియు ఇదియే. కాని ప్లాంటే తాను శక్తిని సృష్టించితినని చెప్పుకొనలేదు. రెండవ బ్యాటరీలో చేరిన ప్రతి చుక్కకును మొదటి బ్యాటరీలోని జింకు మూల్యము చెల్లించుచున్నదని అతడు ఎఱుగును.

1881లో కమీల్ ఫోర్ సీసపు పలకలకు సీసభస్మముల ముద్దను పూసి బ్యాటరీ సామర్థ్యమును పెంచెను. ఆ యేడే అట్టి బ్యాటరీలను నింపి పారిస్ నుండి గ్లాస్గో నగరమునకు పంపగా, తరువాత కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ వానిని పరీక్షించెను. ఆ పెట్టెలో వచ్చిన శక్తి పది లక్షల అడుగు-పౌనులు. నేటి లెక్కలో అది 377 వాట్-గంటలకు సమానము. మన యిండ్ల మీటరులో సగము యూనిట్ కూడ కాదు. అయినను విద్యుత్తు పెట్టెలో కూర్చుండి సముద్రము దాటి వచ్చినదని ఆనాటి లోకము ఆశ్చర్యపడినది. మఱుసటి యేట గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు ఆ పెట్టెలోని రసాయన రహస్యమును విప్పిరి. బ్యాటరీ దిగునపుడు రెండు పలకలపైనను సీసపు సల్ఫేటు ఏర్పడును. చార్జి చేసినపుడు అది విడిపోయి ఆమ్లములో కలియును. దిగిన బ్యాటరీని అట్లే వదలివేసినచో ఆ సల్ఫేటు గట్టి స్ఫటికములుగా పేరుకొని విడివడుటకు మొరాయించును. పాత బ్యాటరీలు చచ్చుటకు ముఖ్యకారణములలో ఇది యొకటి. పల్సులు ఈ గట్టిపొరను కదలించునని కొందఱు చెప్పుదురు. కొన్ని బ్యాటరీలలో మేలు కనబడినదన్న మాట కలదు. కాని పలకపై ముద్ద రాలిపోయిన బ్యాటరీని, లోపల పలకలు ఒకదానికొకటి తగిలిన బ్యాటరీని ఏ పల్సును బ్రతికింపజాలదు.

రేడియో శ్రోతలకు ఈ విదిలింపు విద్య పరాయిది కాదు. కారు రేడియోలలోను, బ్యాటరీ రేడియోలలోను ఒకప్పుడు 'వైబ్రేటరు' అను చిన్న డబ్బా ఉండెడిది. 6 వోల్టుల బ్యాటరీ నుండి వాల్వులకు వలసిన వందల వోల్టులను సంపాదించుటకు అది ప్రవాహమును సెకనుకు నూఱు సారులకు పైగా తెంచి కలుపుచు సన్నగా రొదచేసెడిది. దానిలోని బఫర్ కండెన్సరు చెడినచో మొనలు కాలి వైబ్రేటరు మూలబడునని ఆనాటి మెకానిక్కులు ఎఱుగుదురు. ఫిజో చెప్పిన మాటయే అది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. కొలది యేండ్లలోనే రొద లేకుండ, మొనలు కాలకుండ ప్రవాహమును తెంచు పని దాని వశమైనది.

అమెరికాకు చెందిన జాన్ బెడీని (1949–2016) ఈ పాతపనిముట్లను కూర్చి ఒక చార్జరును ప్రచారములోనికి తెచ్చెను. అయస్కాంతములు బిగించిన చక్రమొకటి చుట్ట ముందు తిరుగును. చుట్టలో రెండు తీగలు జంటగా చుట్టబడి యుండును. అయస్కాంతము దాటినపుడు చిన్నతీగలో పుట్టిన ప్రవాహము ట్రాన్సిస్టరును మేల్కొల్పును; పెద్దతీగలో ప్రవాహము సాగి చక్రమును ముందునకు త్రోయును; వెంటనే ట్రాన్సిస్టరు మూతపడును; కూలిన క్షేత్రపు విదిలింపు డయోడు గుండ రెండవ బ్యాటరీకి పోవును. 2002 మొదలుకొని ఈ విధమైన సాధనములకు అతడు పేటెంట్లు పొందెను. సర్క్యూటు చక్కనిది, నేర్చుకొనువారికి ఉపయుక్తమైనది. కాని ఇది తీసికొన్న దానికంటె ఎక్కువ ఇచ్చునను వాదము స్వతంత్రమైన ఏ కొలతలోను నిలువలేదు.

దీనిని కట్టి విఫలులైనవారు నిరాశపడ నక్కఱలేదు, లోపములు కొన్నియే. కలిపినను చలనము లేనిచో ముందుగా అతుకులను, పిమ్మట చిన్నతీగ కొసలను చూడవలెను. ఆ కొసలు తాఱుమాఱైనచో ట్రాన్సిస్టరు తగిన వేళకు మేల్కొనదు. వానిని మార్చినంతనే పని జరుగును. ట్రాన్సిస్టరు చేయి పెట్టలేనంత వేడెక్కినచో దాని బేసునకు పోవు రెసిస్టరు విలువ చాలదని తెలియవలెను. రెండవ బ్యాటరీకి ఏమియు చేరనిచో డయోడు తలక్రిందుగా ఉన్నదో, కాలినదో పరీక్షింపవలెను. అన్నిటికంటె ఎక్కువగా జరుగు ప్రమాదము మఱియొకటి. సర్క్యూటు నడచుచుండగా రెండవ బ్యాటరీని ఊడదీసినచో, దారిలేని విదిలింపు వందల వోల్టులకు లేచి ట్రాన్సిస్టరును చంపును. అందుకే దానికి అడ్డముగా ఒక నియాన్ దీపమును కలుపుదురు. మామూలుగా చీకటిగా నుండు ఆ దీపము వోల్టేజి మితిమీరినపుడు వెలిగి, దారి చూపి, ట్రాన్సిస్టరును కాపాడును. ఫిజో సలహా నూటయేబది యేండ్ల తరువాత ఈ రూపమున పనికివచ్చినది. చార్జి చివర బ్యాటరీ నుండి మండు స్వభావముగల ఉదజని వెలువడును గనుక ఈ పని గాలి ఆడు చోటనే చేయవలెను.

ఇక అందఱిని మోసపుచ్చు చివరి లోపము సర్క్యూటులో లేదు, మన లెక్కలో ఉన్నది. రెండవ బ్యాటరీపై వోల్టుమీటరు త్వరగా 14 దాటినంతనే అది నిండినదని సంబరపడుదుము. సల్ఫేటు పేరుకొన్న బ్యాటరీ వోల్టేజి వేగముగా లేచి, భారము పెట్టగనే అంతే వేగముగా కూలును. పైగా పల్సుల నడుమ సామాన్యపు మీటరు చెప్పు అంకె నమ్మదగినది కాదు. నిజమైన పరీక్ష ఒక్కటే: చార్జరును విప్పి, బ్యాటరీని కొన్ని గంటలు ఊరక ఉంచి, తెలిసిన భారముతో 10.5 వోల్టులకు దిగువఱకు నడిపి, గంటలను లెక్కపెట్టుట. లెక్కకొఱకు ఇట్లనుకొందము. మొదటి బ్యాటరీ 12 వోల్టుల వద్ద అర ఆంపియరు చొప్పున 10 గంటలు ఇచ్చినది. అది 60 వాట్-గంటలు. రెండవది అదే వోల్టేజి వద్ద 0.35 ఆంపియరు చొప్పున 8 గంటలు తిరిగి ఇచ్చినది, అది 33.6 వాట్-గంటలు. అనగా నూటికి 56 వంతులు దక్కినవి. మిగిలినది ట్రాన్సిస్టరు వేడిమిలో, తీగల వేడిమిలో, చక్రపు రాపిడిలో, బ్యాటరీలోని రసాయన క్రియలలో వ్యయమైనది.

ఈ అంకె చూచి చిన్నబుచ్చుకొన నక్కఱలేదు. జూల్ చేసినది ఇదియే. తన మోటారు ఆవిరియంత్రమునకు సాటి రాదని తన చేతులతోనే తేల్చుకొనెను. ఆ నిజాయితీయే అతనిని చిరస్మరణీయుని చేసినది. ఇంట చార్జరు కట్టు పిల్లవానికి మనము ఒక ట్రాన్సిస్టరును కొనియిచ్చుట మంచిదే. దానితోపాటు ఒక నోటుపుస్తకమును కూడ ఇచ్చి, ఎన్ని గంటలకు ఎంత పోసితివి, ఎన్ని గంటలకు ఎంత తిరిగి వచ్చినదని వ్రాయుమని చెప్పినచో, వాని బల్ల మీద నున్నది ఆటవస్తువు గాక ప్రయోగశాల యగును.