కొవ్వు వెనుక సీసం

1857 తిరుగుబాటు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎన్‌ఫీల్డ్ తూటాకు పూసిన కొవ్వును గురించే చెప్పుకొంటారు. అది ఆవు కొవ్వనీ, పంది కొవ్వనీ పుట్టిన మాట హిందూ ముస్లిం సిపాయిల నిరువురినీ కలవరపరచినది. అయితే ఆ కొవ్వు అసలెందుకు కావలసివచ్చినదో విచారించినవారు తక్కువ. దాని సమాధానం సీసంలో ఉన్నది.

పాత తుపాకుల గొట్టం లోపల నున్నగా ఉండేది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ గొట్టంలో మెలితిరిగిన గాడులు వచ్చాయి. గుండు పైనుంచి సులువుగా దిగాలి, పేలినప్పుడు ఉబ్బి ఆ గాడులను పట్టుకోవాలి. అలా ఉబ్బాలంటే సీసం మెత్తగా, కల్తీ లేకుండా ఉండాలి. గట్టి సీసమైతే మందు వాయువు పక్కల నుంచి జారిపోయి గురి తప్పుతుంది. గుండు సాఫీగా దిగడానికీ, గొట్టంలోని మసి గడ్డకట్టకుండా ఉండడానికీ కొవ్వు రాసిన కాగితం చుట్టారు. మెత్తని సీసం, కొవ్వు ఒకే ఏర్పాటులోని రెండు భాగాలు.

సీసం 327 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. తగరం గాని, ఆంటిమొని గాని కలిపితే గట్టిపడుతుంది. ఆంటిమొని కలిసిన సీసాన్ని వేడిమీద నీటిలో ముంచితే ఇంకా బిగుస్తుంది. శుద్ధమైన సీసానికి ఆ గుణం లేదు. తిరిగి మెత్తపరచాలంటే కరిగిన లోహాన్ని గాలి తగిలేలా చాలాసేపు కాచాలి. కల్తీ లోహాలు తెట్టుగా పైకి తేలుతాయి, వాటిని తీసివేయాలి. ఆంటిమొని మన ఇళ్లకు పరాయిది కాదు; దాని ఖనిజమే సుర్మా. బజారులో ఆ పేరుతో అమ్మేది తరచు సీసపు ఖనిజం కావడం మాత్రం విచారకరం, అది కంటికి హానికరం.

ఆయుధాల పోత హైదరాబాదుకు కొత్త విద్య కాదు. నిజాం అలీఖాన్ కాలంలో, 1786లో, ఫ్రెంచి సేనాని రేమండ్ నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా పేరు నేటికీ గన్‌ఫౌండ్రీ పేటకు మిగిలి ఉన్నది. ప్రజలు అతనిని మూసా రాము అన్నారు. 1798లో అతడు మరణించాడు. ఆ సంవత్సరమే ఇంగ్లీషువారు ఫ్రెంచి దళాన్ని రద్దు చేయించారు. 1857 జూలై 17, శుక్రవారం నాడు తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రెసిడెన్సీపై దాడి చేసినప్పుడు రోహిల్లాలు రాత్రంతా తుపాకులు కాల్చినా ఫిరంగుల ముందు నిలువలేకపోయారు.

కొవ్వు వదంతి 1857 జనవరిలో మొదట వినవచ్చినది కలకత్తా సమీపంలోని డమ్‌డమ్‌లో. నలభై యేళ్ల తరువాత గుండు వేగం పెరిగి సీసానికి లోహపు తొడుగు తప్పనిసరి కాగా, ఆ డమ్‌డమ్ కార్ఖానాలోనే ముందుకొనను తొడుగులేకుండా మెత్తగా వదలి, శరీరంలో విచ్చుకొనే గుండ్లు చేశారు. 1899 హేగ్ ప్రకటన వాటిని నిషేధించినది. బ్రిటన్ దానికి సమ్మతించినది 1907లో.